బెగోనియా వాలిపోయిందా? నీళ్ల చెంబు పక్కన పెట్టి ఇది చూడండి

రంగురంగుల ఆకుల కోసం పెంచే రెక్స్ బెగోనియా ఆకులు వాలితే మనవాళ్లు చేసే మొదటి పని చెంబుడు నీళ్లు పోయడం. రెండో పని, మర్నాడు మళ్లీ పోయడం. మూడో రోజు కుండీ పట్టుకుని నా దగ్గరికి వస్తారు. కుండీ ఎత్తి చూశారా అని అడిగితే ఎవరూ చూసి ఉండరు. బరువుగా ఉన్న కుండీలో మొక్క వాలిందంటే అది దాహం కాదు, వేళ్లు కుళ్లి నీళ్లు తాగలేకపోవడం. తేలిగ్గా ఉంటే మాత్రం దాహమే. పోయండి, సాయంత్రానికి లేస్తుంది.

ఇంకో సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వాలి, తెల్లవారేసరికి నిలబడితే అది వేడి. చల్లటి మూలకు జరపండి, చాలు. తెల్లవారాక కూడా వాలి ఉంటేనే కింది మాటలు మీకోసం.

పైన పొడి, లోపల కుళ్లు

ఇది నన్ను రెండుసార్లు దెబ్బకొట్టింది. నత్తగుల్లలా సుళ్లు తిరిగే ఆకుల ఎస్కార్గో రకం అది. మంచి మట్టి కలిపాను, కింద రంధ్రాలున్న కుండీలో పెట్టాను, వేలు గుచ్చి అంగుళం లోతు ఆరితేనే నీళ్లు పోశాను. అయినా ఆకులు ఒక్కొక్కటే కాడతో సహా మెత్తబడి ఊడిపోయాయి. రెండో మొక్కా అదే దారి పట్టాక మట్టంతా విదిల్చి చూశాను. వేళ్ల నడుమ నిమ్మకాయంత ముద్ద, దాని చుట్టూ పలచటి వల. పిండితే నీళ్లు కారాయి. చుట్టూ ఉన్న నా మట్టి మాత్రం పొడిపొడిగా ఉంది.

ఈ మొక్కలను చిన్నప్పుడు మెత్తటి కొబ్బరి పొట్టు నింపిన వలగుళికల్లో పెంచుతారు. నర్సరీలో పెద్ద కుండీకి మార్చేటప్పుడు ఆ వల తీయరు. మెత్తటి పొట్టు నీటిని గట్టిగా పట్టుకుంటుంది, పెర్లైట్ (తేలికపాటి తెల్లటి రాతి పలుకులు) కలిపిన బరక మట్టి త్వరగా వదిలేస్తుంది. కాబట్టి కుండీ అంచున వేలు గుచ్చితే పొడి తగులుతుంది, కాండం మొదట్లో మాత్రం బురద. పోనీ పూర్తిగా ఎండనిచ్చారా, ఆ ముద్ద ఇక నీళ్లను లోపలికి రానివ్వదు. మీరు పోసిందంతా పక్కల నుంచి జారి పళ్లెంలోకి దిగుతుంది.

అందుకే ఇప్పుడు వేలిని నమ్మను. చీపురు పుల్లను కాండం పక్కగా కుండీ నడిమికి దించి, ఐదు నిమిషాలు ఆగి తీస్తాను. తడి ఎక్కడ ఉందో పుల్లే చూపిస్తుంది.

వల దొరికిందా, చిన్న కత్తెరతో పైనుంచి కిందికి రెండు మూడు చోట్ల కత్తిరించి ఒలవండి. వేళ్లు అల్లుకుపోయిన ముక్కలను లాగవద్దు, ఉండనివ్వండి. లోపలి పొట్టు సగమైనా రాల్చండి. గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే జారే వేళ్లన్నీ కోసేయండి. మిగిలిన వేళ్లకు సరిపడేంత చిన్న కుండీ, లోతు తక్కువది తీసుకోండి. రెండు వంతులు కొబ్బరి పొట్టు, ఒక వంతు పెర్లైట్, ఒక వంతు ఆకుల ఎరువు కలపండి. మట్టి మీద పాకే లావుపాటి కాండాన్ని పూడ్చకండి, సగం పైకి కనబడాలి. ఇది అస్సాం కొండల నీడల్లో పుట్టిన జాతి. దానికి గాలిలో తేమ కావాలి, కాళ్ల కింద నీళ్ల మడుగు కాదు. పెద్ద ఆకులు సగం తీసేసి, ఒకసారి తడిపి, పది రోజులు పారదర్శకమైన కవరు కప్పండి. రోజూ కాసేపు తెరవండి. నెల దాకా ఎరువు మాటెత్తకండి.

మిగతావి

ఆకు అంచులు కరకరలాడుతూ ఎండితే గాలి పొడిగా ఉందని అర్థం. ఏసీ గాలి, ఫ్యాను నేరుగా తగలకుండా చూడండి. మట్టి మీద తెల్లటి ఉప్పు పేరుకుంటే బోరు నీళ్లు మాని వాననీళ్లు పోయండి.

రంగులు పోయి ఆకంతా ఉత్త ఆకుపచ్చగా మారుతుంటే వెలుతురు చాలడం లేదు. తూర్పు కిటికీ దగ్గర పెట్టండి, మధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు.

ఆకుల మీద తెల్లటి పొడి కనబడితే అది బూడిద తెగులు. ఆ ఆకులు కోసి పారేయండి, గాలి ఆడనివ్వండి. తేమ కోసమని ఆకుల మీద నీళ్లు చిలకరించే అలవాటుంటే ఇవాళే మానండి.

డిసెంబరులో కొన్ని ఆకులు రాలినా, కాండం గట్టిగా ఉంటే భయం లేదు. నీళ్లు తగ్గించి ఊరుకోండి. నులిపురుగులు, బాక్టీరియా మచ్చలు ఇంట్లో పెంచే కుండీలకు అరుదు. వస్తే మొక్కను పారేయండి, మందుల ఖర్చు దండగ.

కాండమే మెత్తబడిపోతే దాని మీద ఆశ వదులుకోండి. గట్టిగా ఉన్న ఒక ఆకు తీసుకుని, ప్రతి ముక్కలో ఒక లావు ఈనె ఉండేలా కోసి, తడి పెర్లైట్‌లో నిలబెట్టి కవరు కప్పండి. కొన్ని వారాలకు ఈనె మొదట్లో గోరంత పిలకలు వస్తాయి.