ఎయిర్ ఫ్రయర్‌లో రోజువారీ వంట – మూడో పాఠం: తడి లెక్క

మొదటి పాఠంలో మిషన్‌ను ఎక్కడ పెట్టాలో, రెండో పాఠంలో మిగిలిన వంటలను ఎలా వేడి చేసుకోవాలో చూశాం. ఇప్పుడు అసలు వంట: బెండకాయ, కాకరకాయ, చామగడ్డ, పల్లీలు, చివరన సర్వపిండి. కొలతలన్నీ 4 లీటర్ల బుట్టకు, 1500 వాట్ల మిషన్‌కు రాశాం. మీది చిన్నదైతే సరుకు తగ్గించండి, వేడి పెంచకండి.

ఈ మిషన్‌లో పైన కాయిల్, దాని మీద ఫ్యాన్, కింద చిల్లుల బుట్ట ఉంటాయి. వేడి గాలి ముక్కల సందుల్లోంచి దిగి మళ్లీ పైకి పోతుంది. నూనె ముక్కకు ఇచ్చినంత వేగంగా గాలి వేడినివ్వలేదు. అందుకే మూకుడులో నాలుగైదు నిమిషాల్లో వేగే ముక్కకు ఇక్కడ పన్నెండు పడుతుంది. ముక్క పైన తడి ఉన్నంతసేపు ఆ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, ముక్క పైభాగం 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అప్పటిదాకా ఎర్రబడదు, కరకరలాడదు. కాబట్టి ప్రతి వంటకూ ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: దీంట్లో తడి ఎప్పుడు పోవాలి? మిషన్ మీది చేప బొమ్మ, కోడి బొమ్మ బటన్లను మర్చిపోండి. డిగ్రీలు, నిమిషాలు మనమే పెట్టుకుందాం.

ముందుగా వోల్టేజీ సంగతి. ఊళ్లల్లో బోరు మోటార్లన్నీ ఒక్కసారే నడిచే వేళ 230 వోల్టులు రావాల్సిన చోట 180 రావచ్చు. కాయిల్ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. 1500 వాట్ల కాయిల్ 180 వోల్టుల దగ్గర దాదాపు 920 వాట్లే ఇస్తుంది. అలాంటప్పుడు చాలామంది 180 డిగ్రీలను 200 చేస్తారు. దాంతో ఏమీ మారదు, ఎందుకంటే కాయిల్ అప్పటికే ఆగకుండా వెలుగుతూ ఉంటుంది. ఖాళీ మిషన్‌ను 180 డిగ్రీలకు పెట్టినప్పుడు హీటింగ్ లైటు ఏడెనిమిది నిమిషాలైనా ఆరకపోతే కరెంటు చాలడం లేదని అర్థం. సరుకును మూడో వంతు తగ్గించి, టైమును నాలుగైదు నిమిషాలు పెంచండి. లేదా వోల్టేజీ కుదురుకున్నాక వండండి.

బెండకాయ

పావు కిలో చాలు, అంతకు మించి బుట్ట పట్టదు. కాయలను కోయకముందే కడిగి, బట్టతో తుడిచి, ఫ్యాను కింద అరగంట ఆరబెట్టాలి. కోశాక కడిగితే జిగురు నీళ్లతో కలిసి సాగుతుంది, ఆ పూట వేపుడు ఆశ వదులుకోవాల్సిందే. ముక్కలు ఒకటిన్నర సెంటీమీటర్ ఉండాలి. వేగాక దాదాపు సగమవుతాయి కాబట్టి చక్రాల్లాగ సన్నగా కోయొద్దు. రెండు చెంచాల పల్లి నూనె పోసి చేత్తో ముక్కముక్కకూ పట్టించండి. ఉప్పు ఇప్పుడు వద్దు. ఉప్పు లోపలి నీటిని బయటికి లాగుతుంది, పైన తడి చేరుతుంది, జిగట మొదలవుతుంది.

మిషన్‌ను 180 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు ఖాళీగా వేడెక్కించి, ముక్కలను ఒకే వరుసలో పరవండి. 6 నిమిషాలకు బుట్ట తీసి కుదపండి, మరో 4 నిమిషాలు పెట్టండి. ఆ తర్వాత దంచిన నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు, నూనె రాసిన కరివేపాకు ముక్కల కింద దూర్చి ఇంకో 2 నిమిషాలు. ఎల్లిగడ్డ మొదట్నుంచీ వేస్తే మాడి చేదెక్కుతుంది. కరివేపాకు పైన వేస్తే గాలికి లేచి కాయిల్‌కు అంటుకుని కాలుతుంది. ఉప్పు, కారం, ఎండుకొబ్బరి పొడి మాత్రం గిన్నెలోకి తీశాక, వేడి మీదే కలపాలి.

జిగట మిగిలితే తడి ఆరలేదు, లేదా బుట్ట నిండుగా పోశారు. పుల్లల్లాగ ఎండిపోతే నూనె తక్కువైంది. నూనె లేకుండా వండొచ్చని అమ్మేవాళ్లు చెబుతారు గాని, ఆ రెండు చెంచాలు లేకపోతే కారం కూడా ముక్కకు పట్టదు.

కాకరకాయ

ఇక్కడ లెక్క తిరగబడుతుంది. బెండకాయకు ఉప్పు చివర వేశాం, కాకరకు ముందే వేయాలి. నీరు బయటికి రావడమే మనకు కావాలి, దాంతోపాటు కొంత చేదూ పోతుంది. 300 గ్రాముల కాయలను 4 మిల్లీమీటర్ల చక్రాలుగా కోసి, ముదురు గింజలు తీసేసి, ఒక చెంచా ఉప్పు, చిటికెడు పసుపు కలిపి 20 నిమిషాలు ఉంచండి. గట్టిగా పిండి, రెండు చెంచాల నూనె పట్టించి 170 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు. ఐదు నిమిషాలకోసారి కుదపాలి. 180 పెడితే అంచులు నల్లబడతాయి, మధ్య మెత్తగా ఉంటుంది. పల్లీలు, నువ్వులు, ఎండుమిర్చి, ఎల్లిగడ్డ కలిపి కొట్టిన పొడి దించాక చల్లండి. పిండినా ముక్కలో కొంత ఉప్పు ఉంటుంది, పొడిలో ఉప్పు వేసేముందు రుచి చూడండి.

చామగడ్డ, ఆలుగడ్డ

చామగడ్డను పచ్చిగా బుట్టలో వేయొద్దు. అందులోని కాల్షియం ఆక్సలేట్ సూదుల వల్ల గొంతు దురద పెడుతుంది, పొడి గాలి ఆ దురదను సరిగా పోగొట్టదు. అర కిలో గడ్డలను ఉడికించి, కత్తి సులువుగా దిగుతూనే గడ్డ చెదిరిపోని స్థితిలో దించండి. తొక్క తీసి, గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే పైభాగం ఆరుతుంది. అరచేత్తో కొద్దిగా అదిమి, మూడు చెంచాల నూనె, రెండు చెంచాల బియ్యప్పిండి, పసుపు, కారం, ఉప్పు పట్టించి 190 డిగ్రీల దగ్గర 16 నిమిషాలు. సగంలో ఒకసారి తిప్పాలి. బియ్యప్పిండి మిగిలిన తడిని పీల్చుకుని పెళుసు పొరవుతుంది.

ఆలుగడ్డకు ఒక్క మాట. ఫ్రిజ్‌లో నిల్వ ఉన్న గడ్డలు వాడొద్దు. చలికి అందులోని పిండి కొంత చక్కెరగా మారి, లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. కోసిన ముక్కలను అరగంట నీళ్లలో నానబెట్టి, బాగా తుడిచి, 160 దగ్గర 10 నిమిషాలు, తర్వాత 200 దగ్గర 8 నిమిషాలు పెట్టండి.

పల్లీలు

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వైపు యాసంగి పల్లి బాగా పండుతుంది కాబట్టి కొత్త పంట వచ్చినప్పుడు ఇది తప్పకుండా పనికొస్తుంది. పావు కిలో పల్లీలు, నూనె చుక్క వద్దు, 160 డిగ్రీలు, 12 నిమిషాలు, నాలుగు నిమిషాలకోసారి కుదుపు. కొత్త పల్లీలలో తడి ఎక్కువ, వాటికి ఇంకో రెండు మూడు నిమిషాలు.

వేడి పల్లి ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. మెత్తగా ఉంది కదా అని మళ్లీ పెడితే మాడుతుంది. గింజను రెండు బద్దలు చేసి చూడండి, లోపల లేత బంగారు రంగు వస్తే చాలు. వెంటనే వెడల్పు పళ్లెంలో పరచండి. కుప్పగా ఉంచితే సొంత వేడికే ఇంకా వేగిపోతాయి. పొట్టు మాత్రం బుట్టలో నలపకండి. చల్లారాక చాటలో నలిపి చెరగండి. పొట్టు ఎగిరి కాయిల్ మీద పడితే తర్వాత ఏది వండినా మాడు వాసనే.

సర్వపిండి

ఇప్పటిదాకా తడిని పోగొట్టాం, దీంట్లో మొదట దాచుకోవాలి. పొయ్యి మీద గిన్నెకు పిండి ఒత్తి మూత పెట్టినప్పుడు ఆవిరికి పిండి ఉడుకుతుంది, అడుగు ఎర్రగా కాలుతుంది. బియ్యప్పిండి ఉడకాలంటే వేడితో పాటు నీరూ కావాలి. మూత లేకుండా ఎయిర్ ఫ్రయర్‌లో పెడితే గాలి పైపొరను ముందే ఎండబెడుతుంది. పగుళ్లు, రాయిలాంటి గట్టిదనం, లోపల పచ్చిపిండి వాసన. చాలామంది సర్వపిండి చెడేది ఇక్కడే.

బియ్యప్పిండి 150 గ్రాములు, గంట నానిన శనగపప్పు ఒక పెద్ద చెంచా, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు రెండు పెద్ద చెంచాలు, నువ్వులు ఒక పెద్ద చెంచా, చిన్న ఉల్లిగడ్డ సన్నగా తరిగి, పచ్చిమిర్చి–ఎల్లిగడ్డ–జీలకర్ర ముద్ద ఒక పెద్ద చెంచా, కరివేపాకు, కొత్తిమీర, ముప్పావు చెంచా ఉప్పు, రెండు చెంచాల నూనె. మరిగే నీళ్లు 110 మిల్లీలీటర్ల దాకా కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలిపి, మూతపెట్టి పది నిమిషాలాగి పిసకండి. జొన్నరొట్టె పిండికన్నా మెత్తగా ఉండాలి.

మూడు ముద్దలు చేయండి. 16–18 సెంటీమీటర్ల అంచున్న స్టీలు పళ్లేనికి చెంచా నూనె రాసి, ఒక ముద్దను 4 మిల్లీమీటర్ల మందంలో ఒత్తండి. వేలితో నాలుగైదు చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె. పైన అంతే పెద్ద పళ్లెం బోర్లించండి. అల్యూమినియం రేకు వాడితే అంచులు కింద మడిచి నొక్కండి, లేకపోతే ఫ్యాను దాన్ని పైకి లేపుతుంది. 180 దగ్గర 10 నిమిషాలు. మూత తీసి, పైన అర చెంచా నూనె రాసి 190 దగ్గర 5 నిమిషాలు. ఇక్కడ వేడి పైనుంచి వస్తుంది కాబట్టి పైన ఎర్రబడి అడుగు తెల్లగా ఉంటుంది. తిరగేసి మరో 3 నిమిషాలు ఉంచండి.

గిన్నె అడుగున కాలిన ఆ కమ్మదనం మాత్రం పూర్తిగా రాదు. పైగా మూడింటికి దాదాపు గంట పడుతుంది. ఇద్దరున్న ఇంటికి బాగుంటుంది, చుట్టాలొచ్చిన రోజు పొయ్యి మీదే చేసుకోండి. మిర్చి బజ్జీ, పునుగుల్లాంటి జారుడు పిండి వంటలు ఈ మిషన్‌కు పెట్టకండి, పిండి గట్టిపడేలోపే చిల్లుల్లోంచి కారిపోతుంది.

ఈ వారం అభ్యాసం

ఒకే రోజు కొన్న బెండకాయలను 125 గ్రాముల చొప్పున రెండు భాగాలు చేయండి. ఒకదానికి ఉప్పు ముందు, ఒకదానికి చివర వేసి, ఒకదాని తర్వాత ఒకటి అదే వేడి, అదే టైముకు వండండి. సరుకు సగమే కాబట్టి మొత్తం 10 నిమిషాలు చాలు. రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి రుచి చూడండి.

వచ్చే పాఠం చేపలు. బొచ్చె గాని, రవ్వ గాని తెచ్చుకుని, ముక్కలన్నీ ఒకే మందం, రెండు సెంటీమీటర్లు ఉండేలా అక్కడే కొట్టించుకోండి.