మొక్కల సారాలు, ఫ్లూ వైరస్ – 4వ పాఠం: ఆగింది వైరస్సా, కణమా?

పోయిన పాఠంలో ఆకును నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, ఇథనాల్‌లో నానబెట్టి, వచ్చిన సారాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించడం దాకా వచ్చాం. ఈ వారం పనికి పెన్ను, కాలిక్యులేటర్ చాలు. "ఫలానా ఆకు ఫ్లూ వైరస్‌ని 97 శాతం తగ్గించింది" అని ఎవరైనా చెబితే, ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో మీరే లెక్క వేసి తేల్చుకోవడం నేర్చుకుంటారు. వైరస్‌తో చేసే అసలు ప్రయోగం మాత్రం బయోసేఫ్టీ లెవల్ 2 ల్యాబ్‌లో, శిక్షణ ఉన్నవాళ్లతో కలిసి చేయాల్సిందే. ఇంట్లో వద్దు.

వైరస్ తనంతట తాను పెరగదు, దానికి బతికున్న కణం కావాలి. ఫ్లూ పనికి ఎక్కువమంది వాడేవి ఎండీసీకే కణాలు. 1958లో మాడిన్, డార్బీ ఒక కాకర్ స్పానియల్ కుక్క మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతి ఇవి. మీ సారం ఈ కణాలను చంపినా, బాగా నీరసపరిచినా వైరస్ తగ్గుతుంది. పొటాషియం సైనైడ్ పోసినా తగ్గుతుంది. అందుకే ఒక్క అంకె చాలదు, రెండు కావాలి. సగం కణాలను దెబ్బతీసే మోతాదు సీసీ50. వైరస్‌ని సగానికి తగ్గించే మోతాదు ఈసీ50. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది ఎస్‌ఐ, అంటే ఎంపిక సూచిక.

లెక్క నేర్చుకోవడానికి ఊహించిన అంకెలు తీసుకుందాం. మోతాదులన్నీ మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో. ప్లేట్ అంటే కణాలను పెంచే చిన్న గుంతలున్న పళ్లెం. వైరస్ లేని ప్లేట్‌లో బతికిన కణాలు: 25 దగ్గర 95 శాతం, 50 దగ్గర 84, 100 దగ్గర 62, 200 దగ్గర 38. వైరస్ ఉన్న ప్లేట్‌లో వైరస్ తగ్గుదల: 25 దగ్గర 35 శాతం, 50 దగ్గర 65, 100 దగ్గర 88, 200 దగ్గర 97.

ముందు సీసీ50 చూద్దాం. 50 శాతం అనేది 62కీ 38కీ మధ్య ఉంది, అంటే మోతాదు 100కీ 200కీ మధ్య. 62 నుంచి 50కి దిగడం 12, మొత్తం దిగుడు 24. సరిగ్గా సగం దారి. ఇక్కడ చాలామంది 150 అని రాసేస్తారు. మోతాదులు రెట్టింపవుతూ వెళ్తున్నాయి కాబట్టి లాగ్ కొలతలో, అంటే ప్రతి రెట్టింపునూ ఒకే అడుగుగా లెక్కించే కొలతలో, సగం దారి వెళ్లాలి. అంటే 100ని 2 వర్గమూలంతో, 1.414తో గుణించాలి. వచ్చేది 141. ఈసీ50 కూడా ఇలాగే. 35 నుంచి 65 దాకా 30, అందులో 50కి చేరాలంటే 15, మళ్లీ సగం దారే. 25ని 1.414తో గుణిస్తే సుమారు 35. 141ని 35తో భాగిస్తే ఎస్‌ఐ 4.

పది దాటితే ముందుకు వెళ్లవచ్చని చాలా ల్యాబ్‌ల వాడుక లెక్క. నాలుగు అంటే బలహీనం. ఇప్పుడు ఆ 97 శాతం దగ్గరికి తిరిగి రండి. అది 200 మోతాదు దగ్గర వచ్చింది. అక్కడ బతికి ఉన్న కణాలు 38 శాతమే. ఆ అంకెను ఈ మొక్క ఖాతాలో వేయకూడదు.

ఇంకో సంగతి. వైరస్ లెక్క లక్షల్లో, కోట్లలో ఉంటుంది కాబట్టి వైరాలజీలో శాతాలకంటే లాగ్‌లకే విలువ. ఇక్కడ ఒక లాగ్ అంటే పదో వంతుకు తగ్గడం. 90 శాతం తగ్గితే 1 లాగ్, 99 శాతం తగ్గితే 2 లాగ్‌లు. 65 శాతం తగ్గుదల అర లాగ్ కూడా కాదు. అంత తేడా ఒకే నమూనాను రెండుసార్లు కొలిచినప్పుడూ రావచ్చు. కాబట్టి వేర్వేరు రోజుల్లో మళ్లీ చేసి చూపించారా అని తప్పక అడగండి.

మొక్కల సారంతో వచ్చే అసలు చిక్కు టానిన్లు, సాపోనిన్లు. కరక్కాయ వగరుకు కారణమైన టానిన్లు ఏ ప్రోటీన్ కనిపించినా అంటుకుంటాయి, వైరస్ పైపొర ప్రోటీన్లు కూడా అందులో భాగమే. కుంకుడుకాయ నురగనిచ్చే సాపోనిన్లు కొవ్వు పొరను చీల్చేస్తాయి. ఫ్లూ వైరస్‌కి పైన ఉన్నది కొవ్వు పొరే, మన ఎర్ర రక్తకణానికీ అంతే. ల్యాబ్ ప్లేట్‌లో ఈ రెండూ అద్భుతంగా పనిచేసినట్టు కనిపిస్తాయి. ఫ్లూ వైరస్ కోడి ఎర్రకణాలను గుంపులుగా అంటిస్తుందని 1941లో జార్జ్ హర్‌స్ట్ గమనించాడు, ఆ పరీక్ష ఇప్పటికీ వాడుతున్నాం. కానీ టానిన్లు వైరస్ లేకుండానే ఎర్రకణాలను అంటించగలవు, సాపోనిన్లు వాటిని పగలగొట్టగలవు. సారం, ఎర్రకణాలు మాత్రమే ఉన్న గుంత ఒకటి ప్లేట్‌లో లేకపోతే ఆ ఫలితాన్ని పక్కన పెట్టండి.

కణాలు బతికాయో లేదో చూసే ఎంటీటీ రంగు పరీక్షలోనూ ఇదే గొడవ. పసుపు రంగు ద్రవాన్ని బతికున్న కణం ఊదాగా మారుస్తుంది. యాంటీఆక్సిడెంట్లు బాగా ఉన్న సారం కణాలు లేకున్నా ఆ పని చేయగలదు. చచ్చిన కణాలు బతికినట్టు లెక్కలోకి వస్తాయి, సీసీ50 పెరుగుతుంది, ఎస్‌ఐ పెరుగుతుంది, మొక్క మంచిదైపోతుంది. కణాలు లేని గుంతలో సారం వేసి చూసిన అంకెను తీసేయడం దీనికి ఒక దారి.

సారం ఎప్పుడు వేశారన్నది కూడా వెతకండి. వైరస్‌తో ముందే కలిపి ఉంచారా, కణాలకు ముందుగా ఇచ్చి కడిగేశారా, వైరస్ లోపలికి వెళ్లాక వేశారా? ముందే కలిపితేనే పనిచేసి, తర్వాత వేస్తే ఏమీ చేయకపోతే అది వైరస్ పైపొరను అంటుకునే రకం కావచ్చు. అది పనికిరాదని కాదు. గ్రీన్ టీలోని ఈజీసీజీ అనే పదార్థం మీద ఆ దిశలో గట్టి పరిశోధనే జరిగింది. కానీ మింగిన మందు ఊపిరితిత్తుల్లో అలా పనిచేస్తుందని ఆ ప్రయోగం చెప్పదు.

పోలికకు పెట్టే మందు గురించి ఒక్క మాట. కణాల పరీక్షలో ఫ్లూ మందు ఒసెల్టామివిర్‌ని కార్బాక్సిలేట్ రూపంలో వాడాలి. షాపులో దొరికే ఒసెల్టామివిర్ ఫాస్ఫేట్‌ను మన కాలేయం మార్చాకే అది పనిచేసే రూపంలోకి వస్తుంది. ఆ మందు తయారీకి మూల పదార్థమైన షికిమిక్ ఆమ్లం బిర్యానీలో వేసే అనాసపువ్వు నుంచి వస్తుంది. ఆ ఆమ్లాన్ని ఎన్నో రసాయన దశల్లో మారిస్తేనే మందు అవుతుంది. అనాసపువ్వు కషాయం తాగితే ఆ మందు తాగినట్టే అని నమ్మి జ్వరాన్ని ముదరబెట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇప్పుడు మీ వంతు. ఇవీ ఊహించిన అంకెలే. రెండో సారానికి బతికిన కణాలు 100 దగ్గర 90 శాతం, 200 దగ్గర 74, 400 దగ్గర 26. వైరస్ తగ్గుదల 6.25 దగ్గర 30 శాతం, 12.5 దగ్గర 70. సీసీ50, ఈసీ50, ఎస్‌ఐ మూడూ కట్టండి. ఎస్‌ఐ 32 వస్తే లెక్క సరిగ్గా చేసినట్టే. ఈ సారం వైరస్‌తో ముందే కలిపినప్పుడే పనిచేసింది, విడిగా ఎర్రకణాలను కూడా గుంపుగా అంటించింది. తర్వాత మీరు చేయబోయే ప్రయోగం ఏమిటో, దానికి ఏయే గుంతలు పెడతారో ఒక పేజీలో రాసి ఉంచుకోండి. టానిన్లను వాటిని పట్టుకునే పాలీఅమైడ్ అనే పదార్థంతో తీసేసి మళ్లీ కొలవడం వచ్చే పాఠంలో చూద్దాం, మీ పేజీని అప్పుడు పక్కన పెట్టుకోవాలి.