గుడ్డు పెంకు కాటలిస్ట్ పనిచేయడం లేదా? ముందు తూకం వేయండి

సమస్య: బయోడీజిల్ తయారీలో చర్యను వేగంగా నడిపే కాటలిస్ట్ (ఉత్ప్రేరకం) కోసం గుడ్డు పెంకుల పొడిని 900 డిగ్రీల దగ్గర కాల్చి కాల్షియం ఆక్సైడ్‌గా మార్చారు. నూనె, మిథనాల్‌తో కలిపి 65 డిగ్రీల దగ్గర మూడు గంటలు తిప్పారు. అయినా గ్లిజరిన్ సరిగా విడిపోలేదు. వచ్చిన బయోడీజిల్ 3 మి.లీ. తీసి 27 మి.లీ. మిథనాల్‌లో కలిపితే అడుగున నూనె దిగుతోంది, అంటే నూనె పూర్తిగా మారలేదు.

ఇక్కడే చాలామంది కాటలిస్ట్ ఇంకాస్త గుమ్మరిస్తారు. వద్దు. ముందు నూనె ఆసిడ్ వాల్యూ (నూనెలో విడిగా ఉన్న ఆమ్లం ఎంతో చెప్పే కొలత) చూడండి. కానుగ నూనె, హోటల్లో కాగి కాగి నల్లబడ్డ నూనె అయితే ఇది అస్సలు వదలకూడదు. అది 4 దాటితే కాల్షియం సబ్బు తయారై అంతా చిక్కబడుతుంది. ముందు సల్ఫ్యూరిక్ ఆసిడ్, మిథనాల్‌తో ఆసిడ్ వాల్యూ తగ్గించి, తేమ పోగొట్టి అప్పుడు మొదలుపెట్టండి.

నూనె బాగానే ఉందా? అయితే కాల్చిన పొడి తూకం చూడండి. పెంకులో ఉండేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. అది 100 గ్రాములు పూర్తిగా కాల్షియం ఆక్సైడ్‌గా మారితే 56 గ్రాములే మిగలాలి. పెంకులో పొర కూడా ఉంటుంది కాబట్టి ఇంకొంచెం తక్కువే రావాలి. 70 వచ్చిందంటే పొడి లోపల ఇంకా కాలలేదు. పలచగా పరిచి మళ్లీ కాల్చాలి.

ఫర్నేస్ నుంచి తీసినప్పుడు తూకం సరిగ్గా ఉండి, వాడే రోజుకి పెరిగిందా? నన్ను ఎక్కువ సతాయించింది ఇదే. కాల్షియం ఆక్సైడ్ గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌నూ లాగేసుకుంటుంది. గోడకు వేసిన సున్నం గట్టిపడేదీ ఇలాగే. పొడి చూడ్డానికి తెల్లగా అలాగే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. చిటికెడు పొడిని నీళ్లతో తడిపి, పలచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ చుక్కలు వేయండి. బుసబుసా పొంగితే కార్బొనేట్ చేరినట్టే. దాన్ని 500 డిగ్రీల దగ్గర వేడి చేస్తే తేమ వల్ల ఏర్పడ్డ హైడ్రాక్సైడ్ పోతుంది కానీ కార్బొనేట్ కదలదు. మళ్లీ 900కి తీసుకెళ్లి రెండు గంటలు ఉంచాల్సిందే.

ఆ తర్వాత క్రూసిబుల్‌ను (పొడిని కాల్చిన పాత్రను) బెంచీ మీద చల్లార్చకండి. 200 డిగ్రీలకు దిగగానే పటకారుతో తీసి డెసికేటర్‌లో (తేమ చేరకుండా మూసి ఉంచే పాత్రలో) పెట్టండి. సిలికా జెల్ తేమనే పడుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను ఆపదు. దాన్ని పీల్చుకునే సోడా లైమ్ కూడా పక్కన ఉంచండి. మూత ఉన్న సీసాలో తూచి, వెంటనే మిథనాల్‌లో వేసేయండి. వీలైతే కాల్చిన రోజే వాడండి.

వేడి ఎక్కువై పొడి గడ్డకట్టడం, నూనెలో జిగురు ఉండటం లాంటివి అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.