మూడో తరగతి చదువు ఇంట్లో ముందుకు సాగట్లేదా? ఎక్కడ తెగిందో ముందు చూడండి

"రెండో తరగతిదాకా బాగానే చదివేవాడక్కా, ఇప్పుడేమైందో తెలీదు." తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి వరండాలో ఐదేళ్లుగా సాయంత్రాలు పిల్లలకి చదువు చెప్తున్నాను, ఏటా జులై దాటేసరికి ఎవరో ఒక అమ్మ ఈ మాట అంటుంది. ఈ ఏడు మా అబ్బాయే మూడో తరగతి, అదే మాట నా నోటా వచ్చింది.

ఇన్నేళ్లలో నాకు అర్థమైంది ఏంటంటే, మూడో తరగతిలో బయటపడే ఇబ్బందికి మూలం చాలాసార్లు ఒకటి, రెండు తరగతుల్లో ఎక్కడో వదిలేసిన చోట ఉంటుంది. అప్పటిదాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు, ఇక్కడినుంచి చదివి నేర్చుకోవాలి. పరిసరాల విజ్ఞానం వస్తుంది, లెక్కలు అంకెల్లో కాకుండా మాటల్లో వస్తాయి, సొంతంగా జవాబు రాయమంటారు. కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం కూడా మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని, మామూలు లెక్కలు చేయగలగాలని లక్ష్యం పెట్టుకుంది. అందుకే ట్యూషన్ ఇంకో గంట పెంచే ముందు, ఎక్కడ తెగిందో వెతకండి. కింద నేను ఎక్కువగా చూసినవి, నాకు పనిచేసినవి రాస్తున్నాను.

పాఠం గడగడా చదువుతాడు, ఏం చదివావంటే చెప్పలేడు

ముందు వాడు నిజంగా చదువుతున్నాడా, అప్పజెప్తున్నాడా అన్నది తేల్చుకోవాలి. ఒక పాప నా దగ్గర రెండు పేజీల పాఠం ఒక్క తప్పు లేకుండా చదివింది, నాకు చాలా సంతోషమైంది, కానీ పేజీ తిప్పకముందే తర్వాతి పేజీలో ఉన్న మొదటి మాట ఆ పిల్ల నోట్లోంచి వచ్చేసింది. వేలు ఒక లైను మీద, గొంతు ఇంకో లైను మీద. బడిలో అందరూ కలిసి పాడినట్టు చదువుతుంటే విని విని పాఠం మొత్తం నోటికి వచ్చేసింది, అక్షరాలతో మాత్రం పని పడలేదు.

పరీక్ష చాలా తేలిక. పేజీ మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటని అడగండి. లేకపోతే చివరి లైను ముందు చదవమనండి. అక్కడ తడబడితే ఆ పాఠం పక్కన పెట్టి, వాడు ఎప్పుడూ చూడనిది చదివించాలి. మనకి దీనికి బస్సు బోర్డులకి మించినవి లేవు. పాకాల, రేణిగుంట లాంటి వాటిలో ఒత్తులు లేవు, వాటితో మొదలుపెట్టండి. తర్వాత చిత్తూరు, పుత్తూరు, ఆ తర్వాత చంద్రగిరి, చివరికి శ్రీకాళహస్తి. బస్టాండులో పది నిమిషాలు నిలబడితే నాలుగు మెట్లూ ఎక్కించొచ్చు, పైగా బస్సు కదిలిపోయేలోపు చదవాలి కాబట్టి వాడికి పట్టుదల కూడా వస్తుంది.

మాటలన్నీ సరిగ్గానే చదువుతున్నాడు కానీ అర్థం చెప్పలేకపోతే కారణం వేరే. కూడబలుక్కుంటూ చదివేవాడికి వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతుంది. అప్పుడు కొత్త పాఠాల వెంట పరిగెత్తకుండా ఒకటే పేరా వరసగా మూడు రోజులు, రోజూ మూడుసార్లు చదివించండి. మొదటిసారి మీరు చదవండి, వాడు వేలు పెట్టి చూస్తాడు. రెండోసారి ఇద్దరూ కలిసి, మూడోసారి వాడొక్కడే. అయ్యాక పుస్తకం మూసేసి, నాన్న రాగానే నాన్నకి చెప్పు అనండి. మనకి అప్పజెప్పడం కన్నా, ఆ పాఠం తెలియని మనిషికి చెప్పడంలో అర్థం బాగా తేలుతుంది.

ఒత్తుల దగ్గర ఆగిపోతాడు, లేదా ఒత్తు మింగేస్తాడు

పుస్తకం అన్నది "పుసతకం" అవుతుంది, మిత్రుడు "మితురుడు" అవుతాడు. దీన్ని నిర్లక్ష్యం కింద తీసుకోకండి. మన ఒత్తుల్లో చాలావరకు అక్షరాన్నే తలకట్టు తీసేసి చిన్నగా కింద రాసినట్టుంటాయి, చూస్తే పోల్చుకోవచ్చు. కానీ త, న, మ, య, ర, ల ఈ ఆరింటి ఒత్తులకి, అక్షరాలకి పోలికే ఉండదు. ఎక్కువగా వచ్చేవి కూడా ఇవే. బిడ్డకి ఈ ఆరూ విడిగా ఎవరూ చూపించకపోతే వాడు ఊహించుకుని చదవాల్సిందే.

పలక మీద అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్లి రాయండి. ఆరు ఒత్తులూ వచ్చేశాయి, మాటలన్నీ వాడికి తెలిసినవే. ఒత్తు ఒక్కటీ రంగు సుద్దతో రాయండి. నాలుగైదు రోజులకి అవి కుదురుకున్నాక వేరే అక్షరాల కింద అవే ఒత్తులు పెట్టి వస్తాడు, రత్నం, పద్మం, విద్య, చంద్రుడు, ఆమ్లెట్ రాయండి. ఆమ్లెట్ అనగానే మా వరండాలో పిలకాయలందరూ నవ్వుతారు, ల ఒత్తు మాత్రం మళ్లీ మర్చిపోరు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని పెద్దవాళ్లం గమనించం. చంద్రుడులో కొమ్ము ద మీద కనిపిస్తుంది, కానీ ఆ "ఉ" పలకాల్సింది ర పలికిన తర్వాత. కంటికి కనపడే వరసా నోటికి రావాల్సిన వరసా వేరు. "చందురడు" అన్న పిల్లాడు నిజానికి కంటికి కనపడిన వరసలోనే చదివాడు. ద్, ర్, ఉ అని విడివిడిగా పలికించి, మెల్లగా దగ్గరికి చేర్చి "ద్రు" అనిపించండి. తప్పని గట్టిగా అరిస్తే ఆ మాట వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించేస్తాడు, తర్వాత మనకి తప్పు వినపడదు కూడా.

న కి స కి, ప కి వ కి ష కి, మ కి య కి తికమకపడితే రెండేసి అక్షరాలు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడుందో వాడి చేతే చెప్పించండి. మనం చెప్తే ఆ పూటకే గుర్తుంటుంది.

తీసివేతల్లో అన్నీ తప్పులే

ఒక సాయంత్రం మావాడు 52 లోంచి 37 తీసి 25 అని రాశాడు. ఎలా చేశావు నాయనా అంటే, "7 లోంచి 2 పోతే 5, 5 లోంచి 3 పోతే 2" అన్నాడు. కింద పెద్ద అంకె ఉందా, పైన ఉందా అని చూడడు, పెద్ద దాంట్లోంచి చిన్నది తీసేస్తాడు. ఇలాంటి లెక్కలు ఇంకో ఇరవై ఇస్తే అదే తప్పు ఇరవైసార్లు చేసి గట్టిపరుచుకుంటాడు.

అసలు కారణం స్థానవిలువ. 52 అంటే ఐదు పదులు, రెండు ఒకట్లు అన్న సంగతి వాడి మనసులో లేదు, 5, 2 పక్కపక్కన ఉన్న రెండు అంకెలంతే. అనుమానముంటే "రెండు వందల ఐదు" అంకెల్లో రాయమనండి. 2005 అని రాస్తే విషయం తెలిసిపోయినట్టే.

నేను పర్సులోంచి ఐదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు తీసి వాడి చేతికిచ్చి, నాకు 37 రూపాయలు ఇవ్వు అన్నాను. మూడు నోట్లు ఇచ్చేశాడు. ఏడు బిళ్లలు కావాలి, అరచేతిలో రెండే ఉన్నాయి. కాసేపు చేతిలోకి చూసుకుని, ఒక నోటు నా వైపు చాపి "చిల్లర లేదమ్మా, ఇది మార్చు" అన్నాడు. పది బిళ్లలిచ్చాను. అప్పుడు ఏడు ఇచ్చి, తన దగ్గర మిగిలినవి లెక్కపెట్టుకున్నాడు, 15. ఆ తర్వాతే పలక మీద అదే లెక్క వేశాం, ప్రతి గీతకీ నోటు ఏదో బిళ్ల ఏదో చూపిస్తూ.

"పక్కింట్లోంచి ఒకటి అప్పు తెచ్చుకో" అని మనందరికీ నేర్పారు కదా, ఆ మాట నేను మానేశాను. తెచ్చేది ఒకటి కాదు, పది. పైగా ఒక పిల్ల నన్ను "అప్పు తెస్తే ఎప్పుడు తిరిగిస్తాం ఆంటీ" అని అడిగింది, న్యాయమైన ప్రశ్నే. చిల్లర మార్చడం అంటే ఆ గొడవే లేదు. నోట్లు వద్దనుకుంటే అగ్గిపుల్లలు పదేసి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకోండి, చెనిక్కాయలైతే పదేసి ఒక గిన్నెలో పోయండి.

రెండంకెలు, మూడంకెలు కుదిరాక మావాడికి బాగా నచ్చిన లెక్క ఒకటుంది. అలిపిరి నుంచి కొండకి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2388. ఎన్ని తేడా? రెండుసార్లు చిల్లర మార్చాలి, 1162 వస్తుంది. నడిచి ఎక్కిన పిల్లలకి ఆ అంకె కాళ్లకి తెలుసు.

మామూలు లెక్కలొస్తాయి, మాటల లెక్కలు రావు

రాము దగ్గర 45 మామిడికాయలు, సీత దగ్గర 18. రాము దగ్గర ఎన్ని ఎక్కువ? ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇదే ప్రశ్న "హౌ మెనీ మోర్" అని వస్తుంది, మోర్ అనగానే కూడేసి 63 రాస్తారు. "మోర్ అంటే ప్లస్, లెఫ్ట్ అంటే మైనస్" అని ఎవరో కొండగుర్తు నేర్పి ఉంటారు. నాలుగు లెక్కలకి పనిచేసి ఐదోదాంట్లో ముంచుతుంది.

అంకెలు మూసేసి కథ చెప్పమనండి. "రాము దగ్గర కొన్ని కాయలున్నాయి, సీత దగ్గర తక్కువున్నాయి, ఎంత తక్కువో కావాలి." ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పాలి. తెలుగైతే తెలుగు, నగరి, పుత్తూరు వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లయితే తమిళం. రెండు గీతలు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, గీయించండి. మిగిలిన ముక్క ఎంతో వాడే చెప్తాడు. అప్పుడు మళ్లీ ఇంగ్లీషు వాక్యం దగ్గరికి రండి.

ఇంట్లో తెలుగులో చెప్తే బడిలో ఇంగ్లీషు పాడైపోతుందని చాలామంది అమ్మలు భయపడతారు, నాకు ఆ భయం అక్కర్లేదనిపిస్తుంది. అర్థం ఒకసారి కుదిరితే దానికి ఇంగ్లీషు మాట తగిలించడం చిన్న పని, అర్థం లేకుండా మాట ఒక్కటే నేర్చుకుంటే పరీక్ష మర్నాటికి ఉండదు. మన ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి, అవి చేతిలో ఉన్నవాళ్లు తెలుగు పేజీని ఖాళీగా వదిలేయకండి. పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షతో స్కాన్ చేసి చూడొచ్చు, అయితే పక్కన కూర్చుని ఆపి ఆపి అడుగుతూ చూపించాలి, ఫోన్ చేతికిచ్చి వంటింట్లోకి వెళ్తే పది నిమిషాల్లో ఇంకేదో వీడియో నడుస్తుంటుంది.

ఎక్కాలు పాటలా వస్తాయి, మధ్యలో అడిగితే మళ్లీ మొదటినుంచి

దీనికి పెద్ద కంగారు అక్కర్లేదు. ముప్పై కోడిగుడ్ల అట్ట తెచ్చి వరసలు చూపించండి, ఆరు ఐదులు 30, అడ్డంగా తిప్పితే ఐదు ఆరులు 30. ఏడు ఆరులు గుర్తు రాకపోతే, ఏడు ఐదులు 35 కదా, దానికి ఇంకో ఏడు. ఇలా దారి తెలిస్తే మొదటికి పరిగెత్తడం మానేస్తారు.

హోంవర్క్ రాత్రి పదింటిదాకా, ఏడుపులతో

బడి నుంచి రాగానే కూర్చోబెడితే ఆకలి, ట్యూషన్ అయ్యాక కూర్చోబెడితే నిద్ర. ముందు ఏదైనా తినిపించండి, అరగంట వీధిలో ఆడుకోనివ్వండి, ఆ తర్వాత ముప్పై నుంచి నలభై నిమిషాలు. కష్టమైనది ముందు, చూచిరాత చివర. నలభై నిమిషాలు దాటితే ఆపేసి, ఎక్కడిదాకా చేశాడో, ఎక్కడ ఆగాడో డైరీలో టీచరుకి రెండు లైన్లు రాయండి. మనమే రాసిపెట్టడం మాత్రం వద్దు, మన చేతిరాత చూస్తే బిడ్డకి ఏం రాదో టీచరుకి తెలిసే దారి మూసుకుపోతుంది. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకి హోంవర్క్ వారానికి రెండు గంటలు మించకూడదని చెప్తుంది. రోజుకే రెండు గంటల పని వస్తుంటే ఆ సంగతి టీచరుతో మర్యాదగా మాట్లాడొచ్చు, మాట్లాడాలి కూడా.

బోర్డు మీది తప్పుగా ఎక్కించుకుంటాడు, నోట్సు సగమే ఉంటుంది

ముందు కళ్లు చూపించండి. గోడ క్యాలెండర్ ముందు నిలబెట్టి, ఒక కన్ను మూసి తేదీలు చదివిస్తూ వెనక్కి నడిపించండి, తర్వాత రెండో కన్ను. ఒక కంటికి బాగా తేడా ఉంటే ఇంట్లోనే అనుమానం వస్తుంది. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది. నా దగ్గరికొచ్చే ఒక అబ్బాయికి రెండేళ్లు "శ్రద్ధ లేదు" అని పేరు పడింది, కళ్లద్దాలు వచ్చిన వారం నోట్సు నిండింది. ఆ రెండేళ్లు వాడు తిన్న తిట్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది. పదే పదే జలుబు చేసే పిల్లలకి చెవులు కూడా చూపించండి.

ఇవన్నీ చేసినా కదలట్లేదు

రెండు మూడు నెలలు రోజూ పక్కన కూర్చున్నా అవే అక్షరాలు తారుమారవుతున్నాయి, మాట్లాడితే చురుగ్గా ఉంటాడు, కథ చెప్తే ఇట్టే పట్టేస్తాడు, చదవడం దగ్గర మాత్రం ఒకటో తరగతిలోనే ఉన్నాడు అంటే నేర్చుకోవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది, డిస్లెక్సియా లాంటిది, ఉందేమో పరీక్ష చేయించాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇది చేరింది, తెలివితేటలకి దీనికి సంబంధం లేదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ పథకం కింద నడిచే భవిత కేంద్రాలున్నాయి, మీ దగ్గర ఎక్కడుందో బడిలో హెడ్మాస్టరుని అడిగితే చెప్తారు. అంతవరకూ బద్ధకస్తుడు అనే మాట ఇంట్లో ఎవరి నోటా రానివ్వకండి, ముఖ్యంగా చుట్టాల ముందు.

అక్కడికి వెళ్లేటప్పుడు చిన్న పుస్తకం ఒకటి తీసుకెళ్లండి. తేదీ వేసి, ఆ రోజు ఏ మాట దగ్గర ఆగాడు, ఏమని చదివాడు, ఎంతసేపు కూర్చున్నాడు, ఇవి రోజూ ఒక లైను రాసుకున్నది. "అసలు చదవట్లేదండీ" అంటే ఎవరికీ ఏమీ తెలీదు, "జులై 14న పుస్తకం అన్నది పుసతకం అన్నాడు, ఆగస్టు 20న కూడా అలాగే అన్నాడు" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో వాళ్లకి వెంటనే తెలుస్తుంది.