పాత పీసీనే ఫైల్ సర్వర్‌గా
గుంటూరు మిర్చి యార్డు దగ్గర మా కమీషన్ కొట్లో తక్‌పట్టీల (రైతుకిచ్చే అమ్మకం చీటీల) ఫోల్డర్ తెరుచుకునేలోపు రైతు రెండుసార్లు "అయిందా బాబూ?" అని అడిగేవాడు. 2 జీబీ ర్యామ్ పాత పీసీ మరి. దానికే డెబియన్ 13 (విండోస్ బదులు వాడే ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, అందరి ఫైళ్లూ ఒకేచోట ఉంచే ఫైల్ సర్వర్‌గా మార్చాను.

ముందు డేటా మొత్తం వేరే డిస్కులోకి తీసుకోండి, ఇందులోది చెరిగిపోతుంది. ఇన్‌స్టాల్‌లో సాఫ్ట్‌వేర్ ఎంచుకునే తెర వస్తుంది. అక్కడ డెస్క్‌టాప్ టిక్కులన్నీ తీసేసి ఎస్ఎస్‌హెచ్ సర్వర్ (వేరే సిస్టమ్ నుంచి దీన్ని నడిపేందుకు), స్టాండర్డ్ యుటిలిటీస్ (మామూలు పనిముట్లు) మాత్రం ఉంచండి. అసలు కిటుకు ఇదే, ర్యామ్ ఫైళ్లకు మిగులుతుంది. తర్వాత సాంబా (విండోస్ సిస్టమ్స్‌తో ఫైళ్లు పంచుకునే ప్రోగ్రామ్) వేసి, ఫోల్డర్ షేర్ చేసి, గుమాస్తాలకు పాస్‌వర్డ్‌లు పెట్టండి. వాళ్ల విండోస్ సిస్టమ్స్‌లో ఫోల్డర్ ఎప్పటిలాగే కనిపిస్తుంది. లైసెన్సు ఖర్చు లేదు, సెక్యూరిటీ అప్‌డేట్లు 2030 దాకా వస్తాయి.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సర్వర్ భాగం విండోస్ మీదే నడిచేదైతే మాత్రం ఇది కుదరదు. వేసినవాళ్లను ముందే అడగండి.