కణజీవశాస్త్రం స్వయంబోధిని – పాఠం 4: బాణం ఎటు గీయాలి?

గత పాఠంలో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను బరువును బట్టి జెల్‌లో విడదీసి పట్టీలుగా చూపే పరీక్ష) మీది పట్టీలను ల్యాడర్‌తో, అంటే బరువు ముందే తెలిసిన ప్రోటీన్ల వరుసతో, పోల్చి చదవడం నేర్చుకున్నాం. ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ కణాల్లో రెండు ప్రోటీన్ల పట్టీలూ చిక్కగా కనిపించినప్పుడు, ఏది దేనిని నడిపిస్తున్నదో తేల్చే పద్ధతిని ఈసారి సాధన చేద్దాం. ఆదివారాలు తార్నాకలో నా దగ్గరకు వచ్చే విద్యార్థులు చాలామంది, రెండూ కలిసి పెరిగాయన్న ఒక్క ఆధారంతోనే, నడిపించేదాని నుంచి నడిచేదానికి పటంలో బాణం గీసేస్తారు. ఆ అలవాటును ముందుగా మానుకోవాలి.

మొదటి ప్రోటీన్ ఫ్యాటీ యాసిడ్ సింథేజ్. కార్బన్ ముక్కలను మోసే ఒక అసిటైల్ కోఎంజైమ్-ఎ, 7 మలోనైల్ కోఎంజైమ్-ఎ అణువులను కూర్చి, ఎలక్ట్రాన్లను అందించే 14 ఎన్ఏడీపీహెచ్ అణువులను ఖర్చుచేసి ఇది 16 కార్బన్ల పామిటేట్‌ను తయారుచేస్తుంది. పామాయిల్ పేరు పెట్టుకున్న కొవ్వు ఆమ్లం అదే. మామూలు కణాలు చాలావరకు ఆహారం నుంచి వచ్చే కొవ్వుతో సరిపెట్టుకుంటాయి. క్యాన్సర్ కణాలు తమ పొరలకు కావలసిన కొవ్వును తామే తయారుచేసుకోవడానికి ఈ ఎంజైమును పెంచుకుంటాయి. రెండవది హెర్-2 అనే పెరుగుదల గ్రాహకం. ఇది కణం పొరలో ఉండి, తోటి గ్రాహకాలతో జతకట్టి, విభజన చెందమనే సంకేతాన్ని లోపలికి పంపుతుంది.

గ్రాహకం నుంచి ఎంజైముకు వెళ్లే బాణం తేలికైనది: హెర్-2, సంకేతాన్ని లోపలికి అందించే పీఐ3కే, ఏకేటీ ఎంజైములు, కొవ్వు తయారీ జన్యువులను మేల్కొలిపే ఎస్ఆర్ఈబీపీ-1 ప్రోటీన్, ఆపైన సింథేజ్ జన్యువు. తిరుగు బాణం దగ్గరే ఆగి ఆలోచించాలి. పామిటేట్ పొరలోని ఫాస్ఫోలిపిడ్లలో చేరుతుంది, హెర్-2 ఆ పొరలోనే నిలబడుతుంది. కనుక కొవ్వు తగ్గితే గ్రాహకానికి చోటు చెదురుతుంది. రొమ్ము క్యాన్సర్ కణాల్లోనైతే మరో దారి కూడా బయటపడింది: ఎంజైమును ఆపితే పీఈఏ3 అనే ప్రోటీన్ పెరిగి హెర్-2 జన్యువును అణచివేస్తుంది. అది వేరే కణాల్లోని ఆధారం కనుక, దానిని ఎముక కణాల పటంలోకి తెచ్చేటప్పుడు చుక్కల గీతతోనే గీయండి.

ఇప్పుడు సాధన. యూ-2 ఓఎస్ అనే ఆస్టియోసార్కోమా కణాలతో బ్లాట్ మీద నాలుగు వరుసలు ఊహించండి: మందు లేనిది, సింథేజ్‌ను అడ్డుకునే సెరులెనిన్ వేసినది, సింథేజ్‌ను ఎస్ఐఆర్ఎన్ఏతో (ఎంచుకున్న జన్యువు ఎంఆర్ఎన్ఏను నాశనం చేయించే చిన్న ఆర్ఎన్ఏతో) తగ్గించినది, అలా తగ్గించి పామిటేట్ అందించినది. సింథేజ్ పట్టీ సుమారు 270 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువుకు కొలత) దగ్గర, అంటే దాదాపు పైఅంచున ఉంటుంది. హెర్-2 పట్టీ 185 దగ్గర. వాటికన్నా ముందు మీ చూపు అడుగున 42 దగ్గరున్న యాక్టిన్ మీదికి వెళ్లాలి; ఇది అన్ని వరుసల్లోనూ సమంగా ఉండాల్సిన ప్రోటీన్. మూడవ వరుసలో యాక్టిన్ కూడా పలచబడితే, తగ్గింది హెర్-2 కాదు, జెల్‌లో పోసిన నమూనా. యాక్టిన్ సమంగా ఉండి హెర్-2 తగ్గితేనే మాట ముందుకు సాగుతుంది. సెరులెనిన్ ఇతర ప్రోటీన్లకు పామిటేట్ అంటించే చర్యను కూడా అడ్డుకుంటుంది కనుక రెండవ వరుస ఒక్కదాన్నే సాక్ష్యంగా నేను ఒప్పుకోను. నాలుగవ వరుసలో హెర్-2 తిరిగి చిక్కబడితే, బాణం పామిటేట్ గుండానే వెళుతున్నదని ధైర్యంగా గీయవచ్చు.

ఆస్టియోసార్కోమా కణాల్లో సింథేజ్‌ను తగ్గించినప్పుడు హెర్-2, ఏకేటీ సంకేతాలు తగ్గి, కణాలు చొచ్చుకుపోయే గుణం కూడా తగ్గినట్లు ప్రయోగశాలల్లో కనిపించింది. ఇది పళ్లెంలోని కణాల సంగతి; రోగికి ఇచ్చేది ఇప్పటికీ మెథోట్రెక్సేట్, డాక్సోరుబిసిన్, సిస్‌ప్లాటిన్‌లే. అందులో మొదటిది మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందం నుంచి వచ్చిందని ఇక్కడ గుర్తుచేసుకోవడం నాకు ఇష్టం.

అభ్యాసం: మూడవ వరుసలో హెర్-2 ప్రోటీన్ సగానికి తగ్గింది, దాని ఎంఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) మాత్రం మారలేదు. మీరు గీసిన పటంలో ఏ గీతను చెరిపేస్తారు? కారణంతో సహా కాగితం మీద రాసి ఉంచండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.