తెల్లబడిన సీ అనిమోన్: సమస్య - పరిష్కారం

సీ అనిమోన్ ఉప్పునీటి అక్వేరియంలో పెంచే మెత్తని సముద్ర జీవి. దానికి గోధుమ ఛాయ ఇచ్చేవి చాలావరకు దాని ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలే. వెలుతురులో అవి తయారుచేసే చక్కెరలే దాని రోజువారీ తిండి. నీరు వేడెక్కినా, ఉప్పుశాతం ఒక్కసారిగా మారినా, లైటు మితిమీరినా, రవాణాలో రోజుల తరబడి చీకట్లో ఉన్నా ఈ శైవలాలు బయటికి పోయి ఒళ్లు తెల్లబడుతుంది. కాబట్టి మీ ముందున్నది ప్రధానంగా ఆకలితో నీరసించిన జంతువు. ముందు నీరు సరిచేయాలి, తర్వాత తిండి పెట్టాలి, లైటు సంగతి ఆఖర్న. చాలామంది ఈ వరసను తిరగేసి, రంగు రావాలని మొదటిరోజే లైటు పెంచి దాన్ని చంపుకుంటారు.

ఒళ్లంతా తెలుపు, పాదం మాత్రం రాతిని గట్టిగా పట్టుకుంది

ఇది బతికే అవకాశం బాగా ఉన్న స్థితి. టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటి తంతువులు) మొదళ్లలో, నోటి చుట్టూ ఉన్న పళ్లెంలాంటి భాగంలో చూడండి. అక్కడ లేత గోధుమ ఛాయ ఉంటే శైవలాలు మిగిలాయన్నట్టే. చివర్లు మాత్రమే గులాబీ, ఊదా రంగుల్లో ఉండటం సహజ వర్ణం, దానికీ శైవలాలకూ సంబంధం లేదు. ఒళ్లంతా ఒకే తీరున నిమ్మపసుపో ముదురు నీలమో ఉంటే రంగు అద్ది అమ్మారని అనుమానించండి. అద్దకం వెలిసిపోయాక కింద తెలుపే మిగులుతుంది, దానికీ ఇదే చికిత్స. సెబే అనే రకం అనిమోన్ పుట్టుకతోనే తెల్లగా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతుంటారు, నమ్మకండి.

నీటి కొలతలు: వేడి 25-26.5 డిగ్రీలు, సాంద్రత (మంచినీటితో పోలిస్తే) 1.025-1.026, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 8-9.5 డీకేహెచ్ (దాని కొలమానం), అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ మాత్రం సున్నా వద్దు, 5-10 పీపీఎం (పది లక్షల్లో వంతులు) ఉండనివ్వండి, ఎందుకంటే శైవలాలు తిరిగి పెరగడానికి నత్రజని కావాలి. రిఫ్రాక్టోమీటర్‌ను (ఉప్పుశాతం కొలిచే పరికరం) 35 పీపీటీ (వెయ్యిలో 35 వంతుల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి. మంచినీటితో మాత్రమే సరిచూస్తే సముద్రపు నీటి దగ్గర తప్పు చూపించవచ్చు. సాంద్రతలో తేడా ఉంటే రోజుకు 0.001కి మించకుండా మార్చండి. ఆవిరైన నీటి బదులు ఉప్పు కలపని ఆర్‌ఓ (ఫిల్టర్‌లో శుద్ధిచేసిన) నీరే పోయాలి.

తిండి పెడితే ఉమ్మేస్తోంది, లేదా అసలు అంటుకోవడం లేదు

అంటుకోకపోవడానికి కారణం నీరసం: కుట్టే కణాలు సరిగా పనిచేయవు. ఉమ్మేయడానికి కారణం దాదాపు ఎప్పుడూ ముక్క పెద్దదవడమే. నోరు వెడల్పుగా సాగుతుంది కాబట్టి ఎంతైనా మింగుతుందని మోసపోతాం. మింగుతుంది, కానీ నీరసంగా ఉన్నప్పుడు అరిగించుకోలేక కొన్ని గంటల్లో కక్కేస్తుంది. ఆ శ్రమలో ఉన్న శక్తీ పోతుంది.

మొదటి వారం రెండు మూడు మైసిస్ రొయ్యలు (మేతగా అమ్మే చిన్న రొయ్యల్లాంటి జీవులు), లేదా 3-4 మిల్లీమీటర్ల పచ్చి రొయ్య తునక చాలు. ఫ్రీజర్‌లోంచి తీసిన మేతను ట్యాంకు నీటిలో కరిగించి, ఆ నీరు పారబోసి వాడండి. పంపులు ఆపి, పొడవాటి పిపెట్‌తో నోటి దగ్గరి టెంటకిల్స్ మీద మెల్లగా వదలండి. టెంటకిల్స్ ముడుచుకుని నోటివైపు వంగితే తీసుకుంటున్నట్టు. క్లీనర్ రొయ్యలు, చేపలు నోట్లోంచి కూడా లాగేసుకుంటాయి. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసాను దాని మీద బోర్లించి, 20 నిమిషాలు ఉంచండి. మూత తీసేసిన మెడలోంచి పిపెట్ పెట్టొచ్చు. మిగిలింది పీల్చి బయట పారేయండి, పంపులు మళ్లీ వేయడం మరిచిపోవద్దు. రెండు మూడు రోజులకోసారి ఇలా పెట్టండి. ఉమ్మేస్తే రెండు రోజులు ఆగి, సగం పరిమాణంతో మొదలుపెట్టండి.

లైటు వేయగానే ముడుచుకుంటోంది, రాతి కిందికి పోతోంది

లైటు ఎక్కువైంది. తెల్లని ఒంటికి కాంతిని తట్టుకునే రక్షణ తక్కువ. 80-100 పార్ (శైవలాలకు పనికొచ్చే కాంతి కొలత) దగ్గర, రోజుకు 6-8 గంటలు చాలు. కొలిచే మీటరు లేకపోతే ఎల్‌ఈడీని మామూలు స్థాయిలో సగానికి తగ్గించండి. రెండు మూడు వారాలు ఉమ్మకుండా తిన్నాకే వారానికి 5-10 శాతం చొప్పున పెంచండి. బబుల్ టిప్ అనే అనిమోన్ రకానికి చివరికి 150-250 పార్ సరిపోతుంది. అనిమోన్ తనంతట తాను జరిగితే జరగనివ్వండి, పీకి వేరే చోట పెట్టొద్దు. పాదం చిరిగితే ఆ గాయం నుంచి కోలుకోవడం కష్టం.

రోజుకోసారి కుంచించుకుని గోధుమరంగు జిగురు వదులుతోంది

వ్యర్థాలను, పాత నీటిని బయటికి పంపడమే. కొన్ని గంటల్లో మళ్లీ ఉబ్బి, నోరు మూసుకుంటే చేయాల్సిందేమీ లేదు.

నోరు తెరుచుకునే ఉంది, పాదం ఊడి కొట్టుకుపోతోంది

ఇది ప్రమాదం. ముందు పవర్‌హెడ్‌లకు (నీటిని తిప్పే పంపులు), ఓవర్‌ఫ్లోకు (నీరు బయటికి పొర్లిపోయే దారి) స్పాంజి తొడగండి. పంపు ఫ్యాన్‌లో చిక్కితే తునకలైపోయి ట్యాంకు మొత్తాన్ని పాడుచేస్తుంది. చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టలో, మెల్లని ప్రవాహంలో ఉంచండి. నీటిలో రాగి ఉందేమో పరీక్షించండి. చేపల జబ్బులకు వాడే రాగి మందు అనిమోన్‌కు విషం. 25 శాతం నీరు మార్చి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. ఈ దశలో తిండి వద్దు. కండ పోగులుగా ఊడుతూ కుళ్లు వాసన వస్తే ఆలస్యం చేయకుండా నీటిలోనే సంచిలోకి తీసి పారేయండి, ఆ రోజే అమ్మోనియా కొలిచి నీరు మార్చండి.

కోలుకుంటోందని ఎలా తెలుస్తుంది?

రంగుకంటే ముందు జిగురు తిరిగొస్తుంది: మేత తాకగానే టెంటకిల్ పట్టుకుంటుంది. తర్వాత కొన్ని వారాలకు టెంటకిల్స్ మొదళ్లలో గోధుమ పొడి చల్లినట్టు కనిపిస్తుంది. పూర్తి రంగుకు నెలలు పడుతుంది. అప్పటిదాకా అనిమోన్‌లో నివసించే క్లౌన్ చేపను వల అడ్డంపెట్టి దూరంగా ఉంచండి, దాని రాపిడిని నీరసించిన ఒళ్లు తట్టుకోలేదు. గోధుమరంగు ఒళ్లంతా పరుచుకున్నాక మేత వారానికోసారికి తగ్గించి, చేపను వదలండి. అది విసర్జించే అమ్మోనియా కొత్త శైవలాలకు ఎరువుగా పనికొస్తుంది.